పదిహేడేళ్ల మౌనం అనుకుంటున్నారు గానీ...

నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమెకు 38 ఏళ్లు. పుట్టింది తెనాలి దగ్గర పల్లెలో. 22 ఏళ్ల వయసులో రాసిన మొదటి నవలకు ఒక వారపత్రిక పోటీలో బహుమతి వచ్చింది. ఊళ్లో సన్మానం చేశారు. నాన్నగారు ఆ శాలువాను ఇప్పటికీ బీరువాలో దాచుకున్నారు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బెంగళూరు, పెళ్లి, పాప. నాలుగేళ్ల క్రితం భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాల మీద ఐండ్‌హోవెన్ చేరారు.

రెండో నవల మాత్రం రాలేదు. మూడుసార్లు మొదలుపెట్టి ఆపేశారు. మధ్యలో యాత్రా వ్యాసాలు అలవాటయ్యాయి. సెలవు దొరికితే బాల్కన్ దేశాలు, జార్జియా, పోర్చుగల్. తిరిగొచ్చాక రైల్లో కూర్చుని ఫోన్‌లోనే రాసి ఆదివారం అనుబంధాలకు పంపుతారు. అవి చదివి ఉత్తరాలు రాసేవాళ్లున్నారు. కానీ సాహిత్య సభల్లో ఆమె ప్రస్తావన వస్తే "ఆవిడా? ట్రావెలాగులు రాస్తుంది" అని దాటేస్తారట. రెండేళ్ల క్రితం బెంగళూరు స్నేహితురాలు ఆమె వ్యాసాల్ని కన్నడంలోకి అనువదించి పుస్తకంగా తెచ్చింది. మైసూరులో, ధార్వాడలో దాని మీద చర్చలు జరిగాయి. తెలుగులో ఒక్క సమీక్షా లేదు. పైగా ఒక పెద్దాయన ఫోన్ చేసి "ఇంట గెలిచి రచ్చ గెలవాలమ్మా" అన్నారట. ఆ మాట ఆమెను బాగా బాధపెట్టింది.

ఈలోగా పక్కింటి డచ్ ఆవిడ, నవలలూ యాత్రా రచనలూ చేసిన డచ్ రచయిత సేస్ నోటెబోమ్ పుస్తకాలు రెండు ఇంగ్లీషులో ఇచ్చింది. అవి చదివి, ఆయన గురించి వెతికి, ఈమె ఒక లెక్క వేసుకున్నారు. ఆయన కూడా 22 ఏళ్లకే మొదటి నవల రాశాడు. 1963 తర్వాత 1980 దాకా నవల రాయలేదు. పదిహేడేళ్లు. "నాకు వచ్చే ఏడాదితో పదిహేడు నిండుతాయి. ఆయనలాగా నాకూ వస్తుందా? లేక నన్ను నేనే మోసం చేసుకుంటున్నానా?" అని అడుగుతున్నారు. భర్త ఏడాది జీతం లేని సెలవు తీసుకుని రాసేయమంటున్నారు. ఒక ప్రచురణకర్త డబ్బు తనే పెట్టుకుంటే యాత్రా వ్యాసాలు పుస్తకంగా వేస్తామన్నారు. ఇక నాన్నగారు ప్రతి ఆదివారం ఫోన్లో "ఇంకో నవల ఎప్పుడమ్మా?" అంటారు. ఆ ప్రశ్న వినాల్సి వస్తుందనే టెన్షన్ శనివారం సాయంత్రమే మొదలవుతుందట. ఉత్తరంతో పాటు మూడు వ్యాసాలు కూడా జతచేశారు.

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, వ్యాసాలు మూడుసార్లు. అందులో రెండు వేరు వేరు బాధలు ముడిపడిపోయి ఉన్నాయి. నవల రాయలేకపోతున్నానన్నది ఒకటి, రాసినదానికి ఇంట్లోవాళ్లు, అంటే తెలుగువాళ్లు, విలువ ఇవ్వడం లేదన్నది ఇంకొకటి. మీరు వీటిని ఒకే బాధగా మోస్తున్నారు. నవల వస్తే గుర్తింపు వస్తుందని, గుర్తింపు రాలేదు కాబట్టి నవల రాదని ఒకదాని మీద ఒకటి పెట్టి కట్టేశారు. వీటిని విడదీయడానికి మీరు తెచ్చిన నోటెబోమ్ జీవితమే బాగా పనికొస్తుంది. అయితే మీరు చూసిన వైపు నుంచి చూస్తే పనికిరాదు.

ముందు ఆ పదిహేడేళ్ల సంగతి చూద్దాం. 1955లో మొదటి నవల 'ఫిలిప్ అండ్ ది అదర్స్' వచ్చింది. బ్యాంకులో చిన్న ఉద్యోగం చేసిన కుర్రాడు, దారిన పోయే బళ్లు ఎక్కుతూ యూరప్ తిరిగొచ్చి రాసిన పుస్తకం అది. 1957లో దానికి ఆన్ ఫ్రాంక్ బహుమతి వచ్చింది. 1963లో వచ్చిన రెండో నవల 'ది నైట్ హాజ్ డైడ్' (నైట్ అంటే రాత్రి కాదు, వీరుడు), నవల రాయడం గురించే రాసిన నవల. చనిపోయిన ఒక రచయిత అసంపూర్తిగా వదిలేసిన పుస్తకాన్ని ఇంకో రచయిత పూర్తి చేయబోతాడు. దానికీ బహుమతి వచ్చింది. ఆ తర్వాత నవల ఆగింది. మీరు గమనించాల్సిందేమంటే, ఆయన ఎడం మొదలైంది రెండో పుస్తకం తర్వాత, అదీ ఆ రూపాన్నే అనుమానించే పుస్తకం రాశాక. మీ ఎడం మొదటి నవల తర్వాతే వచ్చింది, ఉద్యోగం, పసిబిడ్డ, ఊరి మార్పుల మధ్య వచ్చింది. ఆయన క్యాలెండర్‌ను మీ గోడకు తగిలించుకుంటే తారీఖులు కలవవు. వచ్చే ఏడాదికి పదిహేడు నిండితే ఏమీ జరగదు. జరగనందుకు మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోవాల్సిన పనీ లేదు.

ఆ పదిహేడేళ్లలో ఆయన ఏం చేశాడో చూడండి. డచ్ దినపత్రిక 'ఫోల్క్స్‌క్రాంట్'లో కాలమ్ రాశాడు. 1968లో పారిస్ వీధుల్లో విద్యార్థుల తిరుగుబాటును దగ్గరుండి చూసి రిపోర్టు చేశాడు. ఆ మరుసటి ఏడాది పత్రికారచనకు బహుమతి అందుకున్నాడు. 'అవెన్యూ' అనే మాసపత్రికకు యాత్రల గురించి ఏళ్ల తరబడి రాశాడు. ఇరాన్, మాలి, బొలీవియా, జపాన్, ఎక్కడెక్కడివో. కవితా సంపుటాలు వేశాడు. ఇదంతా మౌనమని ఎవరనగలరు? నవల అనే ఒక్క గడిలో పుస్తకం పడలేదు, అంతే. 1980లో 'రిచువల్స్' నవల వచ్చేసరికి ఆయన యాభైకి దగ్గరపడ్డాడు. అప్పటిదాకా ప్రతి నెలా పత్రిక గడువుకు పేజీలు అందించిన చెయ్యి అది. వాక్యం ఎక్కడ ఆపాలో, ఒక గదిని నాలుగు వస్తువుల్లో ఎలా చూపించాలో ఆ పేజీల్లోనే సాన పడి ఉంటుందని నా నమ్మకం.

'రిచువల్స్' మీరు చదివానన్నారు కాబట్టి ఆ మూడో భాగం గుర్తు తెచ్చుకోండి. ఫిలిప్ టాడ్స్ అనే ఒంటరి మనిషి ఆమ్‌స్టర్‌డామ్‌లో దాదాపు ఖాళీగా ఉన్న గదిలో బతుకుతుంటాడు. ఏళ్ల తరబడి ఒక్క వస్తువు కోసమే కాచుకుని ఉంటాడు. అది జపాన్‌లో టీ వేడుకకు వాడే రాకు గిన్నె. ఆ గిన్నెను చేతిలోకి తీసుకునే తీరు, దాని నలుపు, నీళ్లు మరిగే చప్పుడు... జపాన్‌ను పైపైన చూసినవాడు అలా రాయలేడు. యాత్రా వ్యాసంలో పట్టని సంగతి నవలలోకి వచ్చి కూర్చుంది.

1991 నాటి 'ది ఫాలోయింగ్ స్టోరీ' సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. మీ దగ్గరున్న రెండో పుస్తకం అదే అనుకుంటాను. హెర్మన్ ముసెర్ట్ లాటిన్, గ్రీకు చెప్పే మాస్టారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో తన మంచం మీద పడుకుని, లిస్బన్‌లో ఇరవై ఏళ్ల క్రితం దిగిన హోటల్ గదిలో నిద్ర లేస్తాడు. బడి ఉద్యోగం పోయాక ఆయన బతుకుతెరువు ఏమిటి? డాక్టర్ స్ట్రాబో అనే మారుపేరుతో ట్రావెల్ గైడ్లు రాయడం. పండితుల లెక్కలో అంతకంటే చిన్న రచన ఉండదు. ఆ మనిషినే నోటెబోమ్ తన గొప్ప కథకు నాయకుణ్ణి చేశాడు. మిమ్మల్ని "ట్రావెలాగులు రాస్తుంది" అన్నవాళ్ల మాట మళ్లీ చెవిన పడితే డాక్టర్ స్ట్రాబోను తలుచుకోండి.

ఇప్పుడు మీ జార్జియా వ్యాసం గురించి మాట్లాడాలి. నిజం చెప్పాలంటే ఈ జవాబు ఇంత పెద్దది కావడానికి కారణం అదే. కుతాయిసిలో ఒక ముసలావిడ రొట్టెలు కాల్చే చోట నిలబడ్డారు మీరు. నేలలోకి దిగిన మట్టి పొయ్యి. ఆవిడ నడుము దాకా వంగి, పడవ ఆకారంలో సాగదీసిన పిండిని పొయ్యి లోపలి గోడకు చరుస్తుంది. మూడో పేరా దాకా ఇది ఎవరైనా రాసే వర్ణనే. ఆ తర్వాత మీరొకటి గమనించారు. ప్రతి వాయికీ ఒక రొట్టె పక్కన పెడుతోంది. అమ్మడం లేదు, తినడం లేదు, గుడ్డ కప్పుతోంది. ఎవరికోసమని అడగడానికి మీకు భాష లేదు. అక్కడి నుంచి రెండు పేజీలు మీరు ఊహించుకుంటూ పోయారు: రైల్వేలో పనిచేసి చెప్పకుండా వెళ్లిపోయిన తమ్ముడు, అతను తిరిగొస్తే ఆకలితోనే వస్తాడని ఆవిడ లెక్క, ఆ రొట్టెను సాయంత్రం వీధి చివర పిల్లలకు పంచేయడం. చివర్లో ఎడిటర్‌కు మీరే బ్రాకెట్లో రాశారు, "ఇది యాత్రా వ్యాసంలో ఉండకూడదేమో, తీసేయండి" అని. ఎడిటర్ తీసేశారు. అచ్చయిన కాపీలో ఆవిడ రొట్టెలు చేస్తుంది, మీరు తిన్నారు, బాగుంది.

మూడు వ్యాసాల్లోనూ ఇదే జరిగింది. ఎక్కడ మీకు సమాచారం అయిపోయిందో అక్కడ మనుషులు మొదలయ్యారు. మీరు ఆగిపోయిన నవల కోసం వెతుకుతున్నారు. అది వ్యాసాల్లోకి వస్తూనే ఉంది, ప్రతిసారీ మీరే దాన్ని బయటికి పంపించేస్తున్నారు. ఎడిటర్ తప్పేమీ లేదు, ఆయనకు అనుబంధంలో ఉన్న చోటు అంతే. కానీ ఆ రెండు పేజీలు పారేయడానికి మీకు హక్కు లేదనిపిస్తోంది నాకు. వెంటనే ఒక ఫైలు తెరిచి, ఇంతవరకు మీ వ్యాసాల్లోంచి కోసేసిన భాగాలన్నీ అందులో పెట్టండి. అది నవల అవుతుందో, కథలవుతాయో, కల్పన, యాత్ర కలిసిన ఇంకేదన్నా అవుతుందో ఇప్పుడే తేల్చనక్కర్లేదు. స్పెయిన్ మీద నోటెబోమ్ 1992లో వేసిన పెద్ద పుస్తకం, అక్కడి పుణ్యక్షేత్రం సాంటియాగోకు వెళ్లే దారి గురించినది, మీ ఊరి లైబ్రరీలో ఉండే ఉంటుంది. పేరుకు సాంటియాగో ప్రయాణం. కానీ ఎక్కడో ఒక పాడుబడ్డ చర్చి కనిపిస్తే దారి వదిలేసి పోతాడు, ఒక పాత బొమ్మ ముందు నిలబడి చరిత్రలోకి వెళ్లిపోతాడు. డచ్‌లో ఆ పుస్తకం పేరులోనే చుట్టుదారి ఉంది. అలాంటి పుస్తకం మీరూ రాయగలరు.

ఇక రెండో బాధ, గుర్తింపు. "ఇంట గెలిచి రచ్చ గెలవాలి" అన్న పెద్దాయనకు మీరు జవాబు చెప్పలేకపోయారు. నోటెబోమ్ సంగతి చెప్పి ఉండొచ్చు. ఆయన చాలావరకు రచ్చ గెలిచాకే ఇంట గెలిచాడు.

'రిచువల్స్'కు ఇంట్లో 1981లో బోర్డెవైక్ బహుమతి వచ్చింది, కాదనను. కానీ దేశం దాటించింది మాత్రం 1982లో వచ్చిన పెగాసస్ బహుమతి. అమెరికన్ చమురు సంస్థ మోబిల్ పెట్టిన బహుమతి అది. ఇంగ్లీషు అనువాదం అచ్చు వేయించడం కూడా అందులో భాగం. అలా 1983లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ ప్రెస్ నుంచి ఆ నవల ఇంగ్లీషులో వచ్చింది. 'ది ఫాలోయింగ్ స్టోరీ' సంగతి ఇంకా స్పష్టం. మార్చిలో మీ ఊరి పుస్తకాల షాపుల్లో, కొంత మొత్తానికి పైన కొంటే ఒక చిన్న పుస్తకం ఊరికే ఇవ్వడం మీరు చూసే ఉంటారు. బుక్ వీక్ కానుక అంటారు. ఆ పుస్తకం చూపిస్తే ఒక ఆదివారం రైల్లో టికెట్ లేకుండా తిరిగే సదుపాయం కూడా చాలా ఏళ్లు ఉండింది. 1991లో ఆ కానుక రాసే అవకాశం నోటెబోమ్‌కు వచ్చింది. లక్షల ఇళ్లకు చేరింది. చదివినవాళ్లలో చాలామందికి అర్థం కాలేదు, సొంత దేశపు విమర్శకులు అంతగా మెచ్చుకోలేదు. అదే ఏడాది జర్మనీలో విమర్శకుడు మార్సెల్ రైష్-రానిట్స్కి టీవీ సాహిత్య చర్చలో ఆ పుస్తకాన్ని ఆకాశానికి ఎత్తాడు. ఆయన మాటకు జర్మన్ పాఠకుల్లో ఎంత బరువుండేదంటే, నచ్చిందంటే మర్నాడు షాపుల్లో పుస్తకం మిగిలేది కాదు. అక్కడి నుంచి నోటెబోమ్ జర్మన్ ఇళ్లలో మనిషైపోయాడు. 1993లో యూరోపియన్ సాహిత్య బహుమతి వచ్చింది. ఆ ఏడాదే ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తక మేళాకు నెదర్లాండ్స్, బెల్జియంలో డచ్ మాట్లాడే ప్రాంతమైన ఫ్లాండర్స్ ముఖ్య అతిథులుగా వెళ్లాయి. డచ్ పుస్తకాలకు జర్మన్ తలుపులు అప్పుడు బాగా తెరుచుకున్నాయి.

జర్మన్లు ఆయన్ని దగ్గరికి తీసుకోవడానికి ఇంకో కారణం ఉంది, అది కూడా యాత్రా రచనే. 1963లో తూర్పు బెర్లిన్ వెళ్లి సోవియట్ నేత క్రుశ్చేవ్ వచ్చిన కమ్యూనిస్టు పార్టీ మహాసభను చూసి రాసినవాడు, 1989లో బెర్లిన్ గోడ కూలినప్పుడు మళ్లీ బెర్లిన్‌లోనే ఉన్నాడు. ఆ నోట్సు 1990లో పుస్తకమైంది. తమ జీవితాన్ని బయటివాడు ఇంత ఓపికగా చూశాడే అని వాళ్లకు అనిపించి ఉంటుంది. సొంత దేశపు పెద్ద గౌరవాలు వరస కట్టింది ఆ తర్వాతే. 1992లో కాన్‌స్టాంటైన్ హౌఖెన్స్ బహుమతి, 2004లో పి.సి. హోఫ్ట్ బహుమతి, 2009లో డచ్ భాషా సాహిత్యానికి అన్నిటికంటే పెద్దదైన ప్రైస్ డెర్ నెదర్లాండ్సె లెటెరెన్. చివరిది అందేసరికి వయసు 76.

ఇది చెప్పి మిమ్మల్ని ఊరించడం నా ఉద్దేశం కాదు. మీకూ 76కు వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. నేను చెప్పదలుచుకున్నది ఆ గుర్తింపు వెనకున్న మనుషుల గురించి, ఏర్పాట్ల గురించి. ఆయన ప్రతిభ ఒక్కటే ఆ పని చేయలేదు. డచ్ మాట్లాడేవాళ్లు ప్రపంచం మొత్తం మీద రెండున్నర కోట్లకు అటూ ఇటూ. తెలుగువాళ్లం 2011 లెక్కల్లోనే 8 కోట్లు దాటాం. అంత చిన్న భాషకు అనువాదాల కోసం ప్రభుత్వ నిధి ఉంది, పుస్తకాలకో వారం ఉంది, పరాయి భాషలో ప్రచురణకర్తల్ని వెతికిపెట్టేవాళ్లున్నారు. మనకు అవి ఎంత తక్కువో మీకు తెలుసు. సమీక్ష రాయించుకోవడానికి రచయితే పుస్తకం పోస్టులో పంపి, ఫోన్ చేసి, మళ్లీ గుర్తు చేయాలి. ఐండ్‌హోవెన్‌లో కూర్చుని మీరు ఆ పని చేయలేదు. కాబట్టి మీ పుస్తకం మీద తెలుగులో వచ్చిన నిశ్శబ్దం తీర్పు కాదు. చాలామంది దాన్ని చూడనే లేదు. కన్నడంలో మీ స్నేహితురాలు ఆ పని చేసింది, అందుకే మైసూరులో చర్చ జరిగింది. ఆమెకు మీరు ఎంత రుణపడి ఉన్నారో ఉత్తరంలో ఒక్క వాక్యమే రాశారు. ఆ ఒక్క వాక్యం నాకు చాలదనిపించింది.

యాత్రా రచన తక్కువదన్న మాట మన దగ్గర ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి రాసుకున్నది 1838లో అచ్చయింది. తెలుగులో నవల పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే, ఏ పూటకు ఎక్కడ ఆగామో, అక్కడ ఏం దొరుకుతుందో, మనుషులెలా ఉన్నారో మామూలు వచనంలో చెప్పిన పుస్తకం అది. మీరు రాస్తున్నది చిన్న సంప్రదాయం కాదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మీ వారు చెప్పిన ఏడాది సెలవు. ఆయన ప్రేమతోనే అన్నారు, అందులో సందేహం లేదు. కానీ ఆయన నవ్వుతూ చేర్చిన మాట, "ఏడాదిలో పుస్తకం నా చేతిలో ఉండాలి" అన్నది మీరు రెండుసార్లు రాశారు. అంటే అది మీకు గుచ్చుకుంది. మూడుసార్లు ఆగిన పనిని ఏడాది గడువులో పెడితే, రోజూ ఉదయం తెల్ల కాగితం ముందు జీతం నష్టం కూడా కూర్చుంటుంది. కొందరికి అలాంటి ఒత్తిడిలోనే రాత వస్తుంది. మీరు రాసిందంతా రైళ్లలో, దొరికిన గంటల్లో రాశారు, కాబట్టి మీకు పడకపోవచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి. మీరు హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ పర్మిట్ (నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) మీద ఉంటే దానికి జీతం కనీస హద్దు ఉంది. జీతం లేని సెలవు పర్మిట్‌కే ఇబ్బంది తేవచ్చు. హెచ్‌ఆర్‌ను, ఇమిగ్రేషన్ శాఖ ఐఎన్‌డీని అడగకుండా ఒక్క కాగితం మీద కూడా సంతకం పెట్టకండి. మీ పర్మిట్ సొంతమా, మీ వారి మీద ఆధారపడినదా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

వారానికి నాలుగు రోజుల పని. అక్కడ ఇది వింత కాదు, మీ ఆఫీసులోనే చేసేవాళ్లుంటారు. పదిమంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థలో 26 వారాలు పనిచేసినవాళ్లు గంటలు తగ్గించమని రాతపూర్వకంగా అడిగే హక్కు 2016 నుంచి ఉన్న చట్టంలో ఉంది. మొదలుపెట్టదలుచుకున్న తేదీకి రెండు నెలల ముందు అడగాలి. బలమైన కారణం లేకుండా కాదనలేరు. తగ్గిన జీతం కూడా పర్మిట్ హద్దుకు పైనే ఉండాలన్నది ఇక్కడా చూసుకోవాలి. దీనివల్ల నష్టం, పని నెమ్మదిగా సాగుతుంది. పైగా ఆ ఒక్క రోజును ఇల్లు మింగేయకుండా కాపాడుకోవాలి. పాప బడి, వాషింగ్ మెషిన్, అత్తగారి వీడియో కాల్ అన్నీ "నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా" అని ఆ సెలవు రోజు మీదే పడతాయి. ఆ రోజు లైబ్రరీకి వెళ్లిపోండి. నన్నడిగితే నేను ఇటే మొగ్గుతాను, కానీ మీ ఇంటి ఖర్చుల లెక్క నాకు తెలియదు. అది మీరిద్దరూ కూర్చుని వేసుకోవాల్సిందే.

ఉన్నది ఉన్నట్టుగా కొనసాగడం కూడా ఒక దారే, దాన్ని ఓటమిగా చూడకండి. ఉద్యోగం, రైలు, ఆదివారం వ్యాసం. ఇందులో ఒక్క మార్పు చాలు: అచ్చుకు పంపే కాపీ ఒకటి, కోతలు లేని కాపీ ఒకటి విడివిడిగా దాచండి. ఐదేళ్లకు చేతిలో ఏముందో చూసుకోవచ్చు. ప్రమాదం ఏమిటంటే, అనుబంధం కొలతకు రాసీ రాసీ చెయ్యి ఆ కొలతకే అలవాటు పడిపోవచ్చు. అప్పుడప్పుడు ఎవరూ అడగని పెద్ద వ్యాసం ఒకటి రాయండి.

నవలను పూర్తిగా వదిలేయడం నాలుగో దారి. ఉత్తరంలో మీరు ఈ మాట ఎక్కడా అనలేదు, అందుకే నేనంటున్నాను. 22 ఏళ్ల వయసులో వచ్చిన బహుమతికి జీవితాంతం వాయిదాలు కట్టనక్కర్లేదు. కల్పన రాయాలని మీకే ఉంటే రాయండి. బీరువాలో శాలువా కోసమైతే వద్దు. ఈ రెండింటిలో ఏదో మీకే తెలియాలి. నాకు మాత్రం ఆ రొట్టెల ముసలావిడ తమ్ముణ్ణి చూస్తే, మీకే రాయాలని ఉన్నట్టు కనిపించింది.

నాన్నగారి విషయం. ఆయన అడిగేది నిజంగా నవల గురించేనా? ఆయన దగ్గర మీ గురించి నలుగురికి చూపించుకోవడానికి ఉన్నది ఆ ఒక్క పుస్తకమే. మీ యాత్రా వ్యాసాలు ఆయన చదివారో లేదో మీరు రాయలేదు. అచ్చయినవన్నీ పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయించి, బైండ్ చేయించి తెనాలికి పంపండి. కన్నడ పుస్తకం కూడా ఒకటి పంపండి, చదవలేకపోయినా కవరు మీద మీ ఫోటో ఉంటుంది కదా. తర్వాతి ఆదివారం ఫోన్లో మీరే ముందు "నాన్నా, ఏది చదివావు?" అని అడగండి. నవల గురించి అడిగితే "రాస్తున్నాను, ఎప్పటికవుతుందో తెలియదు" అనండి. అందులో అబద్ధం లేదు.

కన్నడ స్నేహితురాలితో ఇంకో పని కూడా ఉంది. ఆ పుస్తకం మీద వచ్చిన సమీక్షలు, చర్చల వివరాలు సేకరించి, వాటి సారాంశం తెలుగులో ఒక పేజీ రాయించండి. వ్యాసాల్లో రెంటిని ఎవరిచేతైనా ఇంగ్లీషులోకి చేయించండి. పరాయి భాష నుంచి వచ్చిన మాటకు మన సంపాదకులు చెవి ఒగ్గుతారు. ఇది చెప్పడానికి నాకు సంతోషంగా లేదు గానీ వాస్తవం. కేంద్ర సాహిత్య అకాడమీ ఏటా ఒక్కో భాషకు అనువాద పురస్కారం ఇస్తుంది. కన్నడ అనువాదానికి ఆ అవకాశం ఉందో లేదో మీ స్నేహితురాలినే కనుక్కోమనండి. వస్తే అది ఆమెకు వచ్చే గౌరవం, ఆమెకు రావాల్సిందే.

చివరగా ప్రచురణకర్త. డబ్బు పెట్టి పుస్తకం వేసుకోవడం మన దగ్గర తప్పు కాదు, మంచి రచయితలు ఎందరో అలాగే వేసుకున్నారు. అయితే మీకు వచ్చిన ప్రతిపాదనలో 500 కాపీలకు ఖర్చు ఉంది గానీ అవి ఎక్కడ అమ్ముతారో లేదు. డబ్బు పంపే ముందు కొన్ని సంగతులు మెయిల్‌లో రాయించుకోండి: ఎన్ని కాపీలు మీకు, ఎన్ని వాళ్లకు, ఏ ఊళ్లలో ఏ షాపులకు వెళ్తాయి, సమీక్షలకు ఎన్ని కాపీలు ఎవరు పంపుతారు, ఈ-బుక్, ఆడియో, అనువాద హక్కులు ఎవరివి. హక్కులన్నీ మీ దగ్గరే ఉండాలి, ముఖ్యంగా అనువాద హక్కులు. ఎడిటింగ్ ఎవరు చేస్తారో కూడా అడగండి. ఎవరూ చేయరంటే ఆ ఖర్చు విడిగా పెట్టుకుని మంచి ఎడిటర్‌ను మీరే చూసుకోండి, కోసేసిన భాగాలు కూడా ఆ ఎడిటర్‌కు ఇవ్వండి. ఈ ప్రశ్నలకు వారంలో సూటిగా జవాబు వస్తే ముందుకు వెళ్లొచ్చు. "అవన్నీ తర్వాత చూసుకుందాం మేడమ్" అంటే ఇంకో ప్రచురణకర్తను వెతకండి.